పోలీసులు లేని పోలీస్ యాక్షన్

తెలంగాణ పల్లెల్లో పాతతరం వాళ్లను వయసు అడిగితే తేదీ చెప్పేవాళ్లు కాదు. "పోలీస్ యాక్షన్ అయిన యేడు నా పెండ్లయింది", "పోలీస్ యాక్షన్ నాటికి మా తమ్ముడు చంకల పిల్లగాడు" అనేవాళ్లు. కరువు, గత్తర, పెద్ద వరద ఎలా కాలానికి గుర్తులో ఇదీ అలాంటి గుర్తే. అయితే ఆ మాటను రోజూ వింటూ పెరిగిన వాళ్లలో చాలామందికి తట్టని ప్రశ్న ఒకటుంది. ఇంతకీ అందులో పోలీసులు ఎక్కడున్నారు?

1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది భారత సైన్యం. షోలాపూర్ వైపు నుంచి ప్రధాన దళం, బెజవాడ వైపు నుంచి ఇంకొకటి. కింద ట్యాంకులు, ఫిరంగులు. పైన యుద్ధ విమానాలు. ముందుండి నడిపింది మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి. సైన్యం తన కాగితాల్లో రాసుకున్న పేరు 'ఆపరేషన్ పోలో'. 17న నిజాం చేతులెత్తేశాడు, మర్నాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్ లాంఛనంగా లొంగిపోయాడు, చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. గవర్నర్ పదవికి ముందు కూడా 'మిలిటరీ' అనే ఉంది. జనానికి చెప్పిన పేరులో మాత్రం 'పోలీస్' చేరింది.

ఇది పొరపాటున దొర్లిన మాట కాదు. 1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. అది విచారణకు వస్తే ఒక దేశం ఇంకో దేశం మీద దండెత్తిందా, లేక ఒక దేశం తన ఇంట్లో శాంతిభద్రతలు చక్కబెట్టుకుందా అన్నదే తేలాల్సిన విషయం. యుద్ధమన్న మాట ఒప్పుకుంటే అవతల ఒక స్వతంత్ర దేశం ఉందని ఒప్పుకున్నట్టే. పోలీసు చర్య అంటే ఆ గొడవే లేదు. తన ఇంట్లో దొంగను పట్టుకోవడానికి పొరుగింటివాడి అనుమతి ఎవడూ అడగడు కదా. ఢిల్లీ ఆ ఒక్క మాటతో ఐక్యరాజ్యసమితిలో ఒక తలుపు మూసింది.

ఆ తలుపు మూయడం తప్పని నేననను. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి చేసిన మారణకాండ తర్వాత సైన్యం రాకను దేవుడి రాకలా చూసిన ఊళ్లు ఎన్నో. కానీ మాట ఒక తలుపే మూసి ఊరుకోదు. పోలీసు చర్య కాబట్టి యుద్ధం లేదు, యుద్ధం లేదు కాబట్టి యుద్ధంలో పోయిన పౌరుల లెక్క కూడా లేదు. చర్య ముగిశాక మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి తెలుసుకోమని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 2013 ప్రాంతంలో గానీ జనం చేతికి రాలేదు. ఐదు రోజుల పోలీసు చర్య అన్న పేరు కింద అంత పెద్ద సంగతి అరవై ఏళ్లు ఇమిడి కూర్చుంది.

రజాకార్ అన్న మాట మాత్రం తక్కువదా? ఉర్దూలో దానర్థం స్వచ్ఛంద సేవకుడు. ఇప్పుడు ఆ మాట తెలుగులో తిట్టు. 1971లో తూర్పు పాకిస్థాన్‌లో సైన్యానికి తోడుగా తయారుచేసిన దళానికీ అదే పేరు పెట్టారు, బంగ్లాదేశ్‌లో నేటికీ అది తిట్టే. కొరియా యుద్ధంలోకి 1950లో చైనా దింపిన లక్షల సైన్యం పేరు 'ప్రజా స్వచ్ఛంద దళం'. వాళ్లు సాక్షాత్తూ చైనా రెగ్యులర్ సైనికులే. స్వచ్ఛందం అంటే మా ప్రభుత్వానికి సంబంధం లేదు, కుర్రాళ్లు ఉత్సాహం కొద్దీ వెళ్లారు అని చెప్పుకునే వీలు.

అసలు పోలీసు చర్య అన్న మాట మీద పేటెంట్ కూడా మనది కాదు. ఇండొనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక డచ్చి ప్రభుత్వం 1947లో ఒకసారి, 1948 డిసెంబర్‌లో ఇంకోసారి పెద్దఎత్తున సైన్యాన్ని దింపి రెండింటికీ 'పోలీసు చర్యలు' అనే పేరు పెట్టింది. వాళ్ల వాదనా అదే: అది మా వలస, మా ఇంటి వ్యవహారం. 2022 ఫిబ్రవరిలో, డచ్చి పరిశోధకులు ఆ కాలంలో తమ సైన్యం విచ్చలవిడిగా తీవ్ర హింసకు పాల్పడిందని తేల్చాక, ప్రధాని రుట్టే క్షమాపణ చెప్పాడు. కొరియా యుద్ధం మొదలయ్యాక, 1950 జూన్ 29న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విలేకరులతో "మనం యుద్ధంలో లేము" అన్నాడు. అయితే దీన్ని ఐక్యరాజ్యసమితి తరఫున జరుగుతున్న పోలీస్ యాక్షన్ అనొచ్చా అని ఒక విలేకరి అడిగాడు. సరిగ్గా అదే అన్నాడు ట్రూమన్. మాట అందించింది విలేకరి, అందుకున్నది అధ్యక్షుడు. ఆ కొరియా 'చర్య'లో 36 వేలకు పైగా అమెరికన్ సైనికులు పోయారు. కొరియన్లు, చైనీయుల లెక్క లక్షల్లో.

మాటను మెత్తగా చెప్పడం మనకు కొత్త కాదు. తెలుగువాడి ఇంట్లో బియ్యం అయిపోవు, 'నిండుకుంటాయి'. దీపం ఆరిపోదు, 'కొండెక్కుతుంది'. పాము కరిచిందనరు, 'పురుగు ముట్టింది' అంటారు. గుమ్మం దాటేవాడు 'వెళ్తాను' అనడు, 'వెళ్లొస్తాను' అంటాడు. మన భాషాశాస్త్ర పుస్తకాలు వీటిని మృదూక్తి, సభ్యోక్తి అని వర్గాలు చేసి చెబుతాయి. బియ్యం నిండుకున్నాయని భార్య అంటే సంచి తీసుకుని కొట్టుకు బయల్దేరని మొగుడు ఉండడు. చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. నోటితో అశుభం పలకకూడదన్న పట్టింపు తప్ప అక్కడ దాచిందేమీ లేదు.

సైన్యాలు, ప్రభుత్వాలు వాడే మృదూక్తి ఆ జాతిది కాదు. దానికి ఒక పని అప్పజెబుతారు. ఆ పని ఏమిటో కనుక్కోవడానికి నేను వాడే ఉపాయం ఒకటే. ఈ మాట బదులు మామూలు మాట వాడి ఉంటే ఎవరికి ఏం హక్కు వచ్చేది, ఎవరు ఎవరిని ఏం అడిగేవాళ్లు అని చూస్తాను.

2011లో లిబియా మీద అమెరికా బాంబులు వేస్తున్నప్పుడు వైట్‌హౌస్ అధికారి ఒకరు దాన్ని 'కైనెటిక్ మిలిటరీ యాక్షన్' అన్నాడు. కైనెటిక్ అంటే చలనానికి సంబంధించినది, మనం ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న గతిజ శక్తిలోని 'గతిజ'. బాంబు కదులుతుంది నిజమే, ఆటో కూడా కదులుతుంది. అప్పట్లో అందరూ నవ్వుకున్నారు గానీ ఆ మాట వెనక ఒక చట్టం ఉంది. 1973 నాటి యుద్ధాధికారాల తీర్మానం ప్రకారం అమెరికా అధ్యక్షుడు పార్లమెంటు అనుమతి లేకుండా సైన్యాన్ని పోరులోకి దింపితే 60 రోజుల్లో అనుమతి తెచ్చుకోవాలి, లేదా వెనక్కి పిలవాలి. గడువు దాటింది. అప్పుడు ప్రభుత్వ న్యాయ సలహాదారులు చెప్పిందేమిటంటే, లిబియాలో జరుగుతున్నది చట్టం చెప్పే 'పోరు' కిందికి రాదని. బాంబులు మాత్రం అక్టోబర్ దాకా పడ్డాయి.

సీఐఏ వాడిన 'మెరుగుపరచిన విచారణ పద్ధతులు' అన్నది ఇంకా దారుణం. మెరుగు అంటే మనకు బంగారం గుర్తొస్తుంది. చేసిందేమో మనిషిని బల్లకు కట్టేసి, మొహం మీద గుడ్డ కప్పి, ఊపిరాడకుండా నీళ్లు పోయడం. 2001 సెప్టెంబర్ 11 దాడుల సూత్రధారి అని పట్టుకున్న ఖలీద్ షేక్ మొహమ్మద్ మీద ఆ ప్రయోగం 183 సార్లు చేసినట్టు సీఐఏ సొంత తనిఖీ నివేదికే లెక్క చెప్పింది. చిత్రహింస అన్నారంటే అమెరికా చట్టం ప్రకారమే నేరం, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారమూ నేరం. అందుకే 2002 ఆగస్టులో న్యాయశాఖ లాయర్లు కూర్చుని చిత్రహింసకు కొత్త కొలత రాశారు. శరీరంలో ఒక అవయవం పనిచేయకుండా పోయేటంత స్థాయి నొప్పి అయితేనే చిత్రహింస అట. దానికి దిగువన ఉన్నదంతా విచారణే. నాజీ జర్మనీ రహస్య పోలీసు గెస్టపో కాగితాల్లోనూ 'తీవ్రతరం చేసిన విచారణ' అనే అర్థమిచ్చే మాట ఒకటి ఉండేది. రెండు దఫ్తరాలు, రెండు భాషలు, ఒకటే అవసరం. 2014 ఆగస్టులో ఒబామా నోటి నుంచి "కొంతమందిని చిత్రహింసలు పెట్టాం" అన్న మాట వచ్చింది. అప్పటికి ఆ పని చేసినవాళ్ల మీద కేసులు పెట్టే ఉద్దేశం ఎవరికీ లేదు కాబట్టి మామూలు మాట వాడినా నష్టం లేకపోయింది.

రష్యా 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద మొదలుపెట్టిన దాన్ని 'ప్రత్యేక సైనిక చర్య' అంది. మార్చి 4న ఒక చట్టం తెచ్చింది. సైన్యం గురించి 'అబద్ధపు సమాచారం' ప్రచారం చేస్తే 15 ఏళ్ల దాకా జైలు. పత్రికలు యుద్ధమన్న మాట తీసేశాయి. మృదూక్తి వెనక పోలీసులు నిలబడితే ఇక అది మృదువుగా ఉండదు. పేలుళ్లను రష్యన్ అధికారులు 'ఖ్లపోక్' అంటారు. చప్పట్లు కొట్టినప్పుడో, టపాకాయ టప్పుమన్నప్పుడో వచ్చే చప్పుడు అది. 2022 జూన్ 30న ఉక్రెయిన్ ద్వీపం స్నేక్ ఐలాండ్ నుంచి తప్పుకోవాల్సి వస్తే అది 'సుహృద్భావ సూచన' అయింది. ఆ పద్ధతి సోవియట్ కాలం నుంచి వస్తున్నదే. అఫ్గానిస్థాన్‌లో తొమ్మిదేళ్లున్న సైన్యం పేరు 'పరిమిత దళం'. అక్కడి నుంచి శవాలను తెచ్చే విమానాల సరుకు కాగితాల్లో పేరు 'కార్గో 200'. దాదాపు 15 వేల మంది సోవియట్ సైనికులు ఆ యుద్ధంలో పోయారు. ఈ చివరి మాట మాత్రం రష్యన్ జనం ఎంతగా పట్టుకున్నారంటే, ఇప్పుడు 'రెండొందలు' అంటేనే చాలు, ఇంటికి శవం వస్తోందని తల్లులకు అర్థమవుతుంది.

ఉక్రెయిన్ యుద్ధంలో ఒక మృదూక్తి నేరుగా మన ఇళ్లకే వచ్చింది. 'హెల్పర్'. రష్యాలో సెక్యూరిటీ హెల్పర్ ఉద్యోగం, మంచి జీతం, ముందు లైన్‌కు పంపరు అని ఏజెంట్లు చెబితే నమ్మి వెళ్లినవాళ్లలో తెలంగాణ కుర్రాళ్లున్నారు. కాగితాలు రష్యన్‌లో ఉంటే సంతకాలు చేశారు. తర్వాత చేతికి తుపాకి వచ్చింది. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడొకరు చనిపోయాడని మాస్కోలోని మన రాయబార కార్యాలయం ప్రకటించింది. సీబీఐ మనుషుల అక్రమ రవాణా కింద కేసు పెట్టింది. హెల్పర్ అంటే మనకు మేస్త్రి పక్కన ఇటుకలందించేవాడు, లారీలో డ్రైవర్ పక్కన కూర్చునేవాడు. ఆ మాట ఇంగ్లిష్‌దైనా మన బతుకులో దానికున్న అర్థమే ఆ పిల్లల్ని మోసం చేసింది.

ఇక బాంబుల సంగతి. కంబోడియా మీద అమెరికా 1969 మార్చి నుంచి 14 నెలలు రహస్యంగా బాంబులు వేసింది, లక్ష టన్నులకు పైగా. ఆ కార్యక్రమం పేరు 'మెనూ'. లోపలి భాగాల పేర్లు బ్రేక్‌ఫాస్ట్, లంచ్, స్నాక్, డిన్నర్, సప్పర్, డెజర్ట్. ఎవడో రక్తపిపాసి నవ్వుకుంటూ పెట్టిన పేర్లని మనకు అనిపిస్తుంది. కానీ అంత చప్పటి పేరు వింటే అది దాడి అని ఎవరూ గుర్తుపట్టరు. రికార్డుల్లో బాంబులు దక్షిణ వియత్నాంలో పడ్డట్టు రాశారు. నాలుగేళ్ల తర్వాత, నామ్ పెన్‌లోని అమెరికన్ వాయుసేన అధికారి డేవిడ్ ఆప్ఫర్ విలేకరుల మీద విసుక్కున్నాడు. మీరెప్పుడూ బాంబింగ్, బాంబింగ్, బాంబింగ్ అనే రాస్తారు, అది బాంబింగ్ కాదు, ఎయిర్ సపోర్ట్ అని. ఆ మాటకు 1974లో అమెరికా ఇంగ్లిష్ ఉపాధ్యాయుల సంఘం 'డబుల్‌స్పీక్' అవార్డు ఇచ్చింది, వెక్కిరింపుగానే. మొదటి అవార్డు ఆయనదే. పాపం అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకొని ఉండడు. ఏళ్ల తరబడి ఆ మాటల్లోనే పనిచేస్తే బాంబు కనిపించడం మానేస్తుంది, సపోర్ట్ మాత్రమే కనిపిస్తుంది. మృదూక్తి మొదట మోసం చేసేది వాడేవాణ్నే.

'కొలేటరల్ డ్యామేజ్' గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఈ తరహా మాటల్లో అందరికీ తెలిసిపోయిన మాట అది. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా షెల్టర్‌లో తలదాచుకున్న 400 మందికి పైగా పౌరులు రెండు గైడెడ్ బాంబులకు కాలిపోయారు. ఆ గల్ఫ్ యుద్ధంతోనే ఈ మాట టీవీల్లో ఇంటింటికీ చేరింది. తెలుగులో మనం దీన్ని 'అనుషంగిక నష్టం' అని రాసుకుని ఇంకా దూరం పెట్టాం. నష్టం అనేది గోడకూ, పంటకూ, వ్యాపారానికీ వాడే మాట. మనిషి పోతే నష్టపరిహారం అంటాం గానీ, మనిషిని నష్టం అనం. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో డ్రోన్ దాడి జరిగితే అమెరికా సేనాధిపతి మార్క్ మిల్లీ దాన్ని 'ధర్మబద్ధమైన దాడి' అన్నాడు. మూడు వారాలు తిరక్కుండానే పెంటగాన్ ఒప్పుకుంది, పోయిన 10 మందీ మామూలు పౌరులేనని. వాళ్లలో 7 మంది పిల్లలు.

ఇంగ్లిష్‌లో ఇలాంటి మాటలు తయారుచేయాలంటే కమిటీ కూర్చోవాలి. తెలుగులో అంత శ్రమ అక్కర్లేదు, మన క్రియాపదాలే చేసిపెడతాయి. 'కాల్చారు' అంటే ఎవరని అడుగుతాం. 'కాల్పులు జరిగాయి' అంటే అడగం. వాన పడినట్టే 'బాంబులు పడ్డాయి'. పత్రికల హెడ్డింగులు గమనించండి. మన సైనికుడైతే 'వీరమరణం', అవతలివాడైతే 'హతం', మధ్యలో పోయిన పౌరుడైతే 'మృతి'. హతం అంటే చంపినవాడు ఒకడున్నాడు, అదో ఘనత కూడా. మృతి అంటే ఎవరూ లేరు, జ్వరం వచ్చి పోయినా మృతే. డెస్క్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్ కుట్రపన్ని రాయడు, చేతికి అలవాటైపోయి రాస్తాడు. ఇక సైన్యం దగ్గర చూస్తే 'అమరుడు' అన్న మాటే లేదు. అక్కడి మాట 'బ్యాటిల్ క్యాజువాల్టీ'. అమరుడు, షహీద్ అన్నవి అధికారికంగా వాడే మాటలు కావని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. మృదూక్తి పైనుంచి కిందికే రావాలని లేదు, జనం నుంచి పైకీ పోతుంది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగినదానికి మర్నాడు సైన్యం వాడిన మాట 'వయొలెంట్ ఫేస్-ఆఫ్', అదీ 'ఉద్రిక్తతలు తగ్గించే ప్రక్రియ' నడుస్తుండగా జరిగిందన్న వాక్యంలో. ఫేస్-ఆఫ్ అంటే ఎదురెదురుగా నిలబడటం. మనవాళ్లు 20 మంది పోయారు, అందులో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఒకరు. వాస్తవాధీన రేఖ దగ్గర తుపాకులు పేల్చకూడదన్న ఒప్పందం 1996 నుంచి ఉంది. అందుకని మేకులు దిగ్గొట్టిన కర్రలతో, ఇనుప రాడ్లతో, రాళ్లతో కొట్టుకున్నారు. సూర్యాపేటలో ఆ వారం ఎవరూ ఫేస్-ఆఫ్ అనలేదు.

అయినా ఆ మెత్తటి మాటను నేను తప్పుపట్టను. ఇక్కడే ఈ వ్యవహారం చిక్కుముడి అయ్యేది. రెండు అణ్వస్త్ర దేశాల మధ్య 'యుద్ధం' అన్న మాట ఒకరు వాడితే అవతలివాడు దానికి తగ్గట్టు స్పందించక తప్పదు. 2019 ఫిబ్రవరి 26న మన మిరాజ్ విమానాలు బాలాకోట్ మీద బాంబులు వేసి వచ్చాక విదేశాంగ కార్యదర్శి విజయ్ గోఖలే దాన్ని 'సైనికేతర ముందస్తు చర్య' అన్నారు. యుద్ధ విమానాలు వెళ్లి వేసిన బాంబులు సైనికేతరం ఎలా అవుతాయి? వినగానే నవ్వొస్తుంది. ఆయన ఉద్దేశం వేరు. మేం కొట్టింది ఉగ్రవాద శిబిరాన్ని, మీ సైన్యాన్ని కాదు, కాబట్టి మీ సైన్యానికి పరువు సమస్య లేదు అని ఇస్లామాబాద్‌కు పంపిన కబురు అది. అవతలివాడు దిగడానికి నిచ్చెన వేయడం. మర్నాడే పాకిస్థాన్ విమానాలు వచ్చాయి గానీ నిచ్చెన పూర్తిగా విరగలేదు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ ప్రకటనలోనూ 'గురిపెట్టి, కొలిచి, ఉద్రిక్తత పెంచకుండా' అన్న మూడు మాటలు అవతలివాడి చెవి కోసమే. మే 10న కాల్పులు ఆగినప్పుడు 'కాల్పుల విరమణ' అనకుండా 'అవగాహన' అన్నారు, రెండు రోజులకు ప్రధాని చర్యను వాయిదా మాత్రమే వేశామన్నారు. ఆ మాటలు మన చెవి కోసం.

ఈ జాతి మృదూక్తికి రాయబార భాషలో ఎప్పటినుంచో చోటుంది. ప్రాణాలు కాపాడుతుంది కూడా. గోఖలే మాటకూ సీఐఏ మాటకూ తేడా ఏమిటంటే, మొదటిది ఎదుటివాడికి అర్థం కావాలనే పుట్టింది. రెండోది ఎవరికీ అర్థం కాకూడదని పుట్టింది.

అదే బాలాకోట్ మర్నాడు, ఫిబ్రవరి 27న, బడ్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఒక పౌరుడు చనిపోయారు. కూల్చింది మన క్షిపణే. ఆ సంగతి బాహాటంగా ఒప్పుకోవడానికి అక్టోబర్ వచ్చింది. అప్పటి వాయుసేనాధిపతి భదౌరియా "పెద్ద పొరపాటు" అన్నారు, మామూలు మాటల్లోనే. దీనికి ఇంగ్లిష్‌లో వాడే 'ఫ్రెండ్లీ ఫైర్' కన్నా హాస్యాస్పదమైన మాట ఇంకోటి ఉండదు. కానీ సైనిక నిపుణులు తమలో తాము రాసుకునేటప్పుడు దీన్నే 'ఫ్రాట్రిసైడ్' అంటారు, అంటే భ్రాతృహత్య. జనానికి చెప్పేటప్పుడు స్నేహం, లోపల రాసుకునేటప్పుడు సోదరుణ్ని చంపిన పాపం.

అణుబాంబు విషయంలో మనవాళ్లు చూపించిన ముచ్చట కూడా చెప్పుకోవాలి. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చినదాన్ని 'శాంతియుత అణు పేలుడు' అన్నాం. కెనడా ఇచ్చిన రియాక్టర్ శాంతియుత ప్రయోజనాలకే వాడతామన్న షరతు మీద వచ్చింది కాబట్టి శాంతి అన్న మాట తప్పనిసరి అయింది. 23 ఏళ్ల తర్వాత, 1997లో, ఆ పరీక్షను నడిపించిన రాజా రామన్నే అసలు మాట అనేశారు. తుపాకి తుపాకే, బాంబు బాంబే, ఆ పరీక్ష అంత శాంతియుతమేమీ కాదు అని. పదవిలో ఉన్నంతకాలం మృదూక్తి, రిటైరయ్యాక మామూలు తెలుగు. మన ఆఫీసుల్లోనూ అంతేగా.

ఇంతవరకూ ఇంటి మృదూక్తి వేరు, ప్రభుత్వ మృదూక్తి వేరు అని గీత గీసుకుంటూ వచ్చాను. ఆ గీత చెరిపేసే మాట ఒకటి మన దగ్గరే ఉంది. ఎన్‌కౌంటర్.

ఇంగ్లిష్‌లో దానర్థం అనుకోకుండా ఎదురుపడటం. శ్రీకాకుళం నక్సలైట్ పోరాటం రోజుల నుంచీ పోలీసు ప్రకటనల్లో కథ ఒక్కటే. కూంబింగ్‌కు వెళ్లారు (దువ్వెనతో తల దువ్వినట్టు అడవి దువ్వడం, ఇదీ మృదూక్తే), ఎదురుపడ్డారు, లొంగిపొమ్మన్నారు, అవతలివాళ్లు కాల్చారు, ఆత్మరక్షణకు కాల్చాల్సి వచ్చింది. తెలుగువాళ్లు ఆ మాటను ఏం చేశారో చూడండి. దానికి 'చేయు' తగిలించారు. 'వాణ్ని ఎన్‌కౌంటర్ చేశారు.' ఎదురుపడటం ఒకరు ఇంకొకరికి చేసే పని కాదు. ఆ ఒక్క క్రియతో జనం పోలీసు ప్రకటన మొత్తాన్ని కొట్టేశారు. మన వాడుక భాష ఇంత నిక్కచ్చిగా తీర్పు చెప్పిన సందర్భం ఇంకోటి నాకు తెలియదు. కోర్టులు ఆ మాటకు చాలా ఆలస్యంగా వచ్చాయి. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందేనని చెప్పింది.

అబద్ధమని తెలిసిపోయింది కాబట్టి మాట చచ్చిపోవాలి. చావలేదు. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో 'దిశ' అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఎదురుకాల్పులు జరిగాయని నమ్మి కాదు. జరగలేదని అనుకునే చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇవి చంపాలన్న ఉద్దేశంతో కావాలని జరిపిన కాల్పులేనని తేల్చితే, కొత్త సంగతి తెలిసినట్టు ఆశ్చర్యపోయినవాడు నాకు కనబడలేదు. బియ్యం నిండుకున్నాయంటే సంచి తీసుకున్నట్టే, ఎన్‌కౌంటర్ అంటే అందరికీ తెలుసు. అయినా అదే మాట వాడతారు, ఎందుకంటే ఇప్పుడది వార్తను దాచడానికి కాదు. ఎవరి పేరూ చార్జిషీటులో పడకుండా ఉండటానికి. చెప్పేవాడు, వినేవాడు, పూలు చల్లేవాడు అందరూ ఆ మాట చాటున నిలబడతారు. 2025 మేలో అబూజ్‌మాడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు, మరో 26 మంది చనిపోతే హోంమంత్రి వాడిన మాట 'న్యూట్రలైజ్'. రసాయన శాస్త్రంలో ఆమ్లం, క్షారం కలిపితే జరిగేది అది. దీనికి తెలుగులో ఇంకా 'చేయు' కుదురుకోలేదు.

బస్తర్‌లో 2005లో మొదలైన సల్వాజుడుం పేరునూ ప్రభుత్వం మనకు 'శాంతియాత్ర' అని చెప్పింది. గోండిలో ఆ మాటకు శుద్ధి చేసే వేట అన్న అర్థం కూడా చెబుతారు. ఆ శాంతియాత్రకు భయపడి ఊళ్లు వదిలిన ఆదివాసులు వేలమంది అడవి దాటి ఖమ్మం జిల్లాకు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఏ అర్థం సరైనదో వాళ్లకు తెలుసు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చే ఆ పద్ధతిని ఆపమంది.

ఎదుటివాడికి పెట్టే పేర్లలో ఇదే పని తిరగేసి జరుగుతుంది. మన్యంలో 1879లోనూ, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 నుంచి 24 వరకూ జరిగిన పోరాటాలను బ్రిటిష్ దస్త్రాలు 'ఫితూరీ' అని రాశాయి. తిరుగుబాటు, అల్లరి అనే అర్థం. రాజును పట్టుకోవడానికి మలబారు నుంచి స్పెషల్ పోలీసును, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దింపాల్సి వచ్చింది, అయినా దస్త్రంలో అది అల్లరే. 1857నూ మన తాతలు 'సిపాయి పితూరీ' అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట గతి చూడండి. బళ్లో పక్కవాడి మీద టీచరుకు, ఆఫీసులో కొలీగ్ మీద బాస్‌కు చెప్పేవి 'పితూరీలు'. ఒక సామ్రాజ్యాన్ని రెండేళ్లు నిద్రపోనివ్వని పోరాటానికి పెట్టిన పేరు చాడీల స్థాయికి వచ్చింది.

పోలీస్ యాక్షన్ అన్న మాట కూడా ఇప్పుడు తగ్గిపోతోంది. ఆ రోజుతో తమ వయసు లెక్కగట్టుకునే మనుషులు కరిగిపోతున్నారు. దాని బదులు సెప్టెంబర్ 17కు ఎవరికి వాళ్లు పేరు పెట్టుకున్నారు. 2022 నుంచి కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో 'హైదరాబాద్ విమోచన దినం' జరుపుతోంది. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో 'జాతీయ సమైక్యతా దినోత్సవం' జరిపింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక, 2024లో అదే పబ్లిక్ గార్డెన్స్‌లో అది 'ప్రజాపాలన దినోత్సవం' అయింది. కొందరు వామపక్షీయులకు మొదటినుంచీ అది 'విద్రోహ దినం', ఎందుకంటే వచ్చిన సైన్యం నిజాం లొంగిపోయాక వెనక్కి వెళ్లకుండా 1951 దాకా నల్గొండ, వరంగల్ ఊళ్లలో తమ వాళ్లను వేటాడింది. జెండాలు వేరు, ఉపన్యాసాలు వేరు. ఈ నాలుగు పేర్లలో దేనిలోనూ సైన్యం ఊసు లేదు. ఈసారి పోలీసులు కూడా లేరు.